పరువు దొరలదేనా?

నాయకుడి అవినీతిని పత్రిక బయటపెడితే ఆయనగారి పరువు పోయిందంట! తిన్నప్పుడు పోని పరువు రాస్తే పోతుందా?

ఇది ఈనాటి జగడం కాదు. 1982లో బీహారులో జగన్నాథ్ మిశ్రా ప్రభుత్వం ప్రెస్ బిల్లు తెచ్చింది. 1988లో బోఫోర్స్ ముడుపుల కథనాలు వరసగా వస్తున్నప్పుడు రాజీవ్ గాంధీ ప్రభుత్వం పరువునష్టం బిల్లును లోక్‌సభలో నెగ్గించుకుంది. విలేఖరులు వీధికెక్కారు. రెండు బిల్లులూ వెనక్కి పోయినయి. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో 938, 2019లో 2430 జీవోలు ఇచ్చి, రాతల మీద కేసులేసే పని అధికారులకు అప్పజెప్పారు. పార్టీ మారింది, బుద్ధి మారలేదు. 2024 జులైలో న్యాయ సంహిత వచ్చినా పరువునష్టానికి రెండేళ్ల జైలు అట్లనే ఉంది.

ఢిల్లీ విలేఖరి వెనక పెద్ద పత్రిక, వకీళ్లు ఉంటారు. పల్లె విలేఖరికి ఎవరున్నారు? 2019 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ మీర్జాపూర్ జిల్లాలో ఒక బడి పిల్లలకు మధ్యాహ్నం రొట్టె, ఉప్పు పెట్టారు. స్థానిక విలేఖరి వీడియో తీస్తే, ప్రభుత్వాన్ని బద్నాం చేసే కుట్ర అని ఆయన మీదనే కేసు పెట్టారు. కబురు చెప్పిన ఊరిమనిషిని అరెస్టు చేశారు. దేశమంతా గగ్గోలెత్తాక, డిసెంబరులో విలేఖరి తప్పు లేదని పోలీసులే తేల్చారు. ఆ నాలుగు నెలల క్షోభకు జవాబుదారీ ఎవరు?

విలేఖరులకూ మా మాట ఒకటుంది. 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో గుర్తింపు కార్డున్న విలేఖరుల్లో దళితుని కోసం వెతికితే ఒక్కడూ దొరకలేదు. అందుకే ఫిరంగుల కుంభకోణం కనబడ్డంత తొందరగా హాస్టల్ పిల్లల పురుగులన్నం కనబడదు. అయినా విలేఖరి నోరు నొక్కితే ముందు మూగబోయేది మా వాడలే. కాబట్టి నిజం రాసేవాడి పక్కనే మేముంటాం. మన కలం మనమే పట్టాలి కూడా. 2002 నుంచి చిత్రకూట్‌లో దళిత మహిళలు ‘ఖబర్ లహరియా’ నడిపి చూపించారు.

కార్యకర్తలారా! 2005 సమాచార హక్కు చట్టం కింద మస్టర్ రోలు, రేషన్ రిజిస్టరు, హాస్టల్ లెక్కలు అడగండి. నోటిమాటను అబద్ధమని కొట్టేస్తారు, ముద్ర పడ్డ కాగితాన్ని కొట్టేయడం కష్టం. ఒక్కరుగా పోవద్దు, పదిమంది సంతకాలతో పోండి. విలేఖరి మీద కేసు పెడితే స్టేషను ముందు ఊరు నిలబడాలి. కబురు చెప్పిన కూలోడి మీద పెడితే విలేఖరీ నిలబడాలి. ఒకరిని విడిచి ఒకరు పోతే ఇద్దరినీ మింగుతారు.