అమెరికా పల్లెల్లో డౌన్ పేమెంట్ లేని ఇంటి రుణం: ప్రభుత్వ పూచీ మీకా, బ్యాంకుకా?

అమెరికాలో ఉంటున్న మీ అమ్మాయో, తమ్ముడో ఫోన్ చేసి, ‘‘సిటీకి కాస్త దూరంగా తీసుకుంటే డౌన్ పేమెంట్ లేకుండానే ఇల్లు వస్తుందట, గవర్నమెంట్ గ్యారంటీ కూడా ఉందట’’ అన్నారనుకోండి. ఆ మాట నిజమే. కాకపోతే ఆ గ్యారంటీ ఎవరికి అన్నది తెలుసుకున్నాకే సంతకం పెట్టాలి.

ఏమిటీ పథకం?

అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) నడిపే గ్రామీణ గృహ రుణ పథకమిది. 1949 నాటి గృహ నిర్మాణ చట్టంలోని 502వ సెక్షన్ దీనికి ఆధారం. ఇందులో రెండు రకాలున్నాయి.

మొదటిది నేరుగా ప్రభుత్వమే ఇచ్చే అప్పు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటని కుటుంబాలకే ఇస్తారు. గడువు 33 ఏళ్లు. ఆదాయం మరీ తక్కువైతే 38 ఏళ్లు. సబ్సిడీతో వడ్డీ భారం 1 శాతం దాకా తగ్గొచ్చు. అయితే ఇల్లు అమ్మినప్పుడు ఆ సబ్సిడీలో కొంతో, మొత్తమో తిరిగి కట్టాల్సి రావచ్చు.

రెండోది బ్యాంకు ఇచ్చే అప్పు. ప్రభుత్వం దానికి పూచీ మాత్రమే ఉంటుంది. 30 ఏళ్లపాటు వడ్డీ రేటు మారదు. ఎక్కువమంది వినేది దీని గురించే.

‘గ్రామీణం’ అంటే ఏది?

మన దగ్గర పల్లె అనగానే పొలాలు గుర్తొస్తాయి. ఇక్కడ లెక్క జనాభాది. సాధారణంగా 10 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు అర్హత ఉంటుంది. కొన్ని షరతులతో 20 వేల వరకు, పాత జాబితాలో ఉన్న కొన్ని ఊళ్లకైతే 35 వేల వరకు అనుమతి ఉంది. ఒకే కౌంటీలో ఒక ఊరికి అర్హత ఉండి, పక్క ఊరికి లేకపోవచ్చు. అందుకే కౌంటీ పేరు చూసి నమ్మకండి. యూఎస్‌డీఏ వెబ్‌సైట్‌లో మ్యాప్ ఉంది. ఇంటి చిరునామా కొడితే అర్హత ఉందో లేదో చూపిస్తుంది.

ఎవరికి ఇస్తారు?

పూచీ రుణానికి కుటుంబ ఆదాయం ప్రాంత మధ్యస్థ ఆదాయంలో 115 శాతం దాటకూడదు. 2025లో చాలా కౌంటీలకు నలుగురి వరకు ఉన్న కుటుంబానికి ఈ పరిమితి 1,19,850 డాలర్లు. ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి సంపాదనా లెక్కలోకి వస్తుంది. అప్పు పత్రాల్లో పేరు లేకపోయినా, మీతోపాటు ఉంటున్న తమ్ముడి జీతం కూడా కలుపుతారు.

కొన్న ఇంట్లో మీరే ఉండాలి. అద్దెకిచ్చుకోవడానికి కొంటామంటే కుదరదు.

మనవాళ్లలో చాలామందికి చుక్కెదురయ్యేది వీసా దగ్గరే. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఈ దారి లేదు. 3.5 శాతం డౌన్ పేమెంట్‌తో దొరికే ఎఫ్‌హెచ్‌ఏ రుణం కూడా 2025 మే 25 నుంచి శాశ్వత నివాస హోదా లేనివాళ్లకు ఆగిపోయింది. వాళ్లకు మిగిలింది ప్రభుత్వ పూచీ లేని మామూలు బ్యాంకు రుణాలే.

ఖర్చు లేదా?

ఉంది. ముందుగా రుణంలో 1 శాతం పూచీ రుసుము, ఆపైన ఏటా మిగిలిన అప్పు మీద 0.35 శాతం. 2,50,000 డాలర్ల అప్పుకు మొదటి రుసుము 2,500 డాలర్లు. ఏటా కట్టేది మొదటి సంవత్సరం దాదాపు 875 డాలర్లు, అంటే నెలకు 73 డాలర్ల వరకు. మొదటి రుసుమును అప్పులోనే కలిపేయొచ్చు. అప్పుడు దాని మీదా 30 ఏళ్లు వడ్డీ కడతారు.

మరి గ్యారంటీ ఎవరికి?

బ్యాంకుకు. మీరు వాయిదాలు కట్టలేక ఇల్లు జప్తయి, అమ్మినా బాకీ తీరకపోతే, బ్యాంకు నష్టాన్ని అసలు రుణంలో 90 శాతం వరకు ప్రభుత్వం భరిస్తుంది. కథ అక్కడితో ముగియదు. బ్యాంకుకు చెల్లించిన ఆ సొమ్మును ప్రభుత్వం మీ నుంచి రాబట్టుకోవచ్చు. పన్ను రీఫండ్‌లోంచి కోసుకునే అధికారమూ దానికుంది. రుసుము కట్టేది మీరు, రక్షణ బ్యాంకుకు.

డౌన్ పేమెంట్ లేదంటే ఆ ఇంట్లో మొదటి రోజు మీ వాటా దాదాపు సున్నా అని కూడా అర్థం. రెండేళ్లలో ఉద్యోగం పోయో, బదిలీ అయ్యో అమ్మాల్సి వస్తే, ఇంటి ధర కాస్త తగ్గినా అప్పు తీరదు. అమ్మకం ఖర్చులు దానికి అదనం.

ఇంకో చిక్కు తేదీలది. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు ప్రభుత్వ షట్‌డౌన్ సాగినప్పుడు ఈ పథకంలో కొత్త పూచీ పత్రాల జారీ ఆగిపోయింది. అలాంటి సమయంలో ఇల్లు ఖాయం చేసుకుని అడ్వాన్స్ కట్టినవాళ్లు ఇరుకున పడతారు.

అలాగని ఇది మోసం కాదు. కుదురైన ఉద్యోగం ఉండి, అదే ఊళ్లో ఏడెనిమిదేళ్లు ఉండే ఉద్దేశం ఉండి, డౌన్ పేమెంట్ పోగేయలేని కుటుంబానికి ఇది మంచి దారే. మీవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే ముందు మూడు విషయాలు అడగండి: గ్రీన్ కార్డు వచ్చిందా, మ్యాప్‌లో చిరునామా చూశారా, ఆరు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు చేతిలో ఉందా? మూడింటికీ అవుననే జవాబు వస్తేనే ఇళ్లు చూడటం మొదలుపెట్టమనండి.