దుఃఖాన్ని గద్దెనెక్కించిన నేల

వరంగల్‌లో మనశ్శాంతి గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. కార్తీకమాసం వచ్చిందంటే హనుమకొండ చౌరస్తా నుంచి భద్రకాళి గుడి దాకా ప్రవచనాల ఫ్లెక్సీలే. ధ్యాన శిబిరాలు, యోగా తరగతులు ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటాయి. వచ్చిన కష్టాన్ని మనసారా ఒప్పుకో, నెమ్మది అదే వస్తుందని అక్కడ చెప్పే మాటను నేను కొట్టిపారెయ్యను. తగ్గని జబ్బుతో మంచం పట్టినవాళ్ల దగ్గర, కన్నబిడ్డను పోగొట్టుకున్నవాళ్ల దగ్గర కాసేపు కూర్చున్న ఎవరికైనా ఆ మాటలోని నిజం తెలుస్తుంది. జరిగినదాన్ని జరగలేదనుకుంటూ బతకడం కన్నా నరకం లేదు. అయితే అప్పులపాలై భర్తను పోగొట్టుకున్న పత్తి రైతు భార్య ముందు నిలబడి అదే మాట చెప్పాలంటే మాత్రం నాకు నోరు రాదు. ఈ ప్రాంతంలో అలాంటి ఇళ్లు ఊరూరా ఉన్నాయి. నెమ్మది ఎట్లా వస్తుందో, ఎందుకు రాదో ఆ ఇళ్లలోనే చూడాలి.

1997-98 పంట కాలాన్ని ఇక్కడి వయసు మళ్లిన రైతులెవరూ మరిచిపోలేదు. జొన్న, పెసర, కంది వేసిన చెలకల్లోకి అప్పటికే తెల్లబంగారం వచ్చేసింది. ఆ ఏడు కాలం కాని కాలంలో వానలు పడ్డాయి. లద్దె పురుగు విరుచుకుపడింది. ఒక మందుకు చావకపోతే ఇంకో మందు, దానికీ చావకపోతే రెండు కలిపి కొట్టారు. మందు అమ్మిన దుకాణమే అప్పూ ఇచ్చింది, ఆ దుకాణమే ఏ మందు కొట్టాలో చెప్పింది, చివరికి పంటనూ అదే కొన్నది. కొన్న మందుల్లో నకిలీ ఏదో, నిఖార్సయినది ఏదో తేల్చే దిక్కు లేదు. పరకాల, రేగొండ వైపు ఊళ్లలో మొదలైన చావుల వార్తలు దేశమంతా పాకి, రైతు ఆత్మహత్య అనగానే వరంగల్ పేరు వినిపించే రోజులొచ్చాయి. 2004లో జయతీ ఘోష్ నాయకత్వాన రైతు సంక్షేమ కమిషన్ వచ్చింది. అదే ఏడాది 421 నంబరు జీవో వచ్చి, చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ఇస్తామంది. తెలంగాణ వచ్చాక 2015లో 194 నంబరు జీవో ఆ మొత్తాన్ని 6 లక్షలకు పెంచింది. ఇవన్నీ రికార్డుల్లో ఉన్న సంగతులు. వీటి పక్కనే ఇంట్లో మిగిలిపోయిన మనిషి సంగతి ఒకటుంది.

మన ఊళ్లలో ఆడవాళ్లు శోకం పెట్టి ఏడుస్తారు. శవం పక్కన కూర్చుని, చనిపోయినవాడితోనే మాట్లాడుతున్నట్టు రాగం తీస్తూ అతని కథంతా చెబుతారు. ఏ చెలక దున్నాడో, ఏ ఎడ్లను అమ్ముకున్నాడో, బిడ్డ పెళ్లికి ఏమేం పెడతానన్నాడో చెబుతారు. ఎవరి గడపకు ఎన్నిసార్లు తిరిగాడో, ఎవరు ఏమని తిట్టి పంపారో కూడా ఆ శోకంలోనే వచ్చేస్తుంది. వచ్చినవాళ్లంతా వింటారు. అప్పు ఇచ్చినవాడు గుంపులో ఉంటే వాడూ వింటాడు. ఒక మనిషి చావుకు అంత నిక్కచ్చి సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు. మూడో రోజు పిట్టకు పెడతారు, పెద్దకర్మ అవుతుంది, చుట్టాలు వెళ్లిపోతారు. ఆ తర్వాత నోళ్లు మూతబడతాయి. పిల్లలకు సంబంధాలు రావని కొందరు గుండెపోటు అని చెబుతారు. పోలీసు కేసని కొందరు భయపడతారు. తాగేవాడనో, చేతకానివాడనో ఊరు ఒక మాట అంటిస్తుంది. నష్టజాతకురాలని ఆమెకూ ఒక మాట అంటుకుంటుంది. ఇక ఆమె ఒప్పుకోవాల్సింది భర్త చావును ఒక్కదాన్నే కాదు, ఊరు కట్టిన ఆ కథను కూడా. మనసు కుదుటపడనిది సరిగ్గా అక్కడే.

ఆమెను మాట్లాడించే చోటు ఇంకొకటి ఉంది, ఆఫీసు. పరిహారం కావాలంటే ఎఫ్‌ఐఆర్, శవపరీక్ష నివేదిక, ఫోరెన్సిక్ నివేదిక, పట్టాదారు పాసుపుస్తకం, అప్పు కాగితాలు, వారసత్వ ధ్రువపత్రం, ఇట్లా ఒక కట్ట జమచేయాలి. ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు ఉన్న కమిటీ ఆ చావు నిజంగా వ్యవసాయ అప్పుల వల్లే జరిగిందని తేల్చాలి. ఊళ్లో ప్రైవేటు అప్పుకు కాగితం ఎక్కడిది? నోటి మాట మీద, మహా అయితే ఒక చిట్టీ మీద నడిచే వ్యవహారం అది. ప్రతి బల్ల ముందూ ఆమె మళ్లీ మొదటి నుంచి చెబుతుంది. శోకంలో చెప్పినదే ఇక్కడా చెబుతుంది. అక్కడ విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, ఇక్కడ విన్నవాళ్లు ఇంకో కాగితం అడుగుతారు. చెప్పుకుంటే బాధ తగ్గుతుందని మనం సులువుగా అనేస్తుంటాం గానీ, నమ్మే మనిషి ఎదురుగా లేనప్పుడు చెప్పిన కొద్దీ పుండు రేగుతుంది.

అయినా ఈ ఆడవాళ్లు బతికారు. నవంబరులో ఏనుమాముల మార్కెట్ యార్డుకు పొద్దున్నే వెళ్లండి. పత్తి బస్తాల మధ్య, హమాలీల కేకల మధ్య, నడుముకు కొంగు బిగించి నిలబడ్డ ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో కొందరు భర్త పోయాక సేద్యం నేర్చుకున్నవాళ్లు. అడ్తిదారుతో మాట్లాడటం, పాట జరిగేటప్పుడు బస్తా దగ్గరే ఉండటం, కాంటా వేసేటప్పుడు ముల్లు వైపు చూపు తిప్పకపోవడం, తక్‌పట్టీ మీద అంకెలు సరిచూసుకోవడం, ఇవేవీ పుట్టింట్లో నేర్పినవి కావు. సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే కొననే కొనరు. అందుకని రాత్రి మంచు పడకుండా పత్తి మీద పరదా కప్పి పక్కనే పడుకున్న మనిషికి ధ్యానం గురించి కొత్తగా చెప్పాల్సింది ఏమీ ఉండదు. ఆయన రాడు, అప్పు పోలేదు, పిల్లలు ఉన్నారు. ఈ మూడింటినీ ఒకేసారి కళ్లతో చూడగలగడమే ఆమెకు దొరికిన నెమ్మది. పొద్దుకు లేచి పని చేయడానికి చాలినంత నెమ్మది మాత్రమే అది. దాన్ని చిన్నదనుకోను.

అమెరికాలో స్టీవెన్ హేస్ అనే మానసిక శాస్త్రవేత్త 1980ల నుంచి అభివృద్ధి చేసిన ఒక చికిత్సా పద్ధతి ఇంచుమించు ఇదే చెబుతుంది. బాధను తరిమేయడానికి కుస్తీ పట్టకు, దాన్ని ఉండనిచ్చి నీకు ముఖ్యమైన పని వైపు అడుగు వెయ్యి అంటుంది. కానీ వైద్యుడి గదిలో చేసే పనిని మన దగ్గర పదిమంది కలిసి చేయాల్సి వచ్చింది. కిసాగోతమి కథ అందరికీ తెలిసిందే. చచ్చిన బిడ్డను చంకన వేసుకుని వచ్చిన తల్లిని, చావు ఎరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. ఆవాలు దొరకలేదు, చావు అందరికీ ఉన్నదేనని ఆమె తెలుసుకుంది అని ఆ కథను ముగిస్తాం. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఆ తిరగడం. ప్రతి గడప ముందూ ఆమె తన సంగతి చెప్పి ఉంటుంది, ప్రతి ఇంటివాళ్లూ తమ సంగతి చెప్పి ఉంటారు. కూర్చోబెట్టి ఉపదేశం చేసి ఉంటే ఆమె శవాన్ని దించేది కాదు. రైతు సంఘాల సమావేశాల్లో, బహిరంగ విచారణల్లో భర్త ఫొటో ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మైకు ముందుకు వస్తారు. మొదటామె గొంతు పెగలదు. తన కథే ఇంకొకరి నోట విన్నాక, తప్పు తన భర్త ఒక్కడిలోనే లేదని, తన జాతకంలో అసలే లేదని ఆమెకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి గుండెపోటు అని చెబుతూ వచ్చిన మనిషి అక్కడ అసలు సంగతి చెబుతుంది.

ఈ విషయంలో మన నేల మీదే ఒక పెద్ద పాఠం ఉంది. ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నా మేడారం మొన్నమొన్నటి దాకా వరంగల్ జిల్లాదే. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి అక్కడ జరిగేది గెలిచిన దేవతల పండుగ కాదు, ఓడి చనిపోయినవాళ్ల జాతర. కోయలు చెప్పుకునే కథ ఇది: కరువొచ్చింది, పంటల్లేవు, కాకతీయులకు కప్పం కట్టలేకపోయారు, సైన్యం మీదికొచ్చింది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు పోయాడు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోయారు. ఓటమి భరించలేక జంపన్న సంపెంగ వాగులో దూకాడు. అందుకే అది జంపన్న వాగు అయింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనుమరుగైంది. వెతికినవాళ్లకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. కరువు, కట్టలేని బాకీ, వసూలుకు వచ్చిన బలగం. మన పత్తి ఊళ్ల కథకూ దీనికీ ఎడం ఎంత?

కథను కోయలు మెత్తబరచలేదు. కర్మ అనలేదు, తలరాత అనలేదు. ఎవరు కప్పం అడిగారో, ఎవరు చంపారో చెబుతూనే చనిపోయినవాళ్లను గద్దె మీదికి తెచ్చుకున్నారు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. గురువారం చిలకలగుట్ట నుంచి పూజారులైన వడ్డెలు సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెస్తుంటే జిల్లా ఎస్పీ గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతారు. ఒకనాడు రాజు సైన్యం చంపిన మనిషికి ఇవాళ సర్కారు ఇచ్చే వందనం అది. లక్షల మంది వాగులో మునిగి, తమ ఎత్తు బెల్లం తూకం వేసి, దాన్ని బంగారం అని పిలిచి మొక్కు చెల్లిస్తారు. శనివారం అమ్మలను వనంలోకి సాగనంపుతారు. వచ్చినవాళ్లు వెళ్లిపోతారని తెలిసే ఎదురేగుతారు.

ఆ భరిణె గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. సమ్మక్క యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఆడది. ఆమె గుర్తు కుంకుమ. అదే జాతరకు బండి కట్టుకుని వెళ్లొచ్చిన ఊళ్లలోనే, భర్త పోయిన ఆడదాని నొసట బొట్టు తీయించి, పెళ్లి పందిట్లో వెనక వరసకు పంపుతున్నారు. సమ్మక్కకు మొక్కే చేతులు తమ ఇంటి సమ్మక్కను దూరం పెట్టడం నాకు మింగుడు పడదు. ఆమె మనసు కుదుటపడాలని నిజంగా కోరుకునే ఊరు ముందుగా ఆమెకు బొట్టు పెట్టి పిలవాలి. దీనికి జీవో అక్కర్లేదు.

పెత్రమాస నాడు ఈ ఊళ్లలో పొద్దున చనిపోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. సాయంత్రం అదే ఇంటి ఆడబిడ్డలు ఎంగిలిపూల బతుకమ్మను ఎత్తుకుని వేయిస్తంభాల గుడికి వెళతారు. రెండింటి మధ్య ఒక్క పూట. పొద్దున ఏడ్చినందుకు సాయంత్రం ఆడకూడదని ఎవరూ అనరు, సాయంత్రం ఆడతారు కనుక పొద్దున ఏడవొద్దనీ అనరు. బాధను ఒప్పుకోవడం అంటే నాకు ఇట్లాగే కనిపిస్తుంది.

ఇంత చెప్పాక, ఒప్పుకోకూడనివి కూడా చెప్పాలి. వాన కురవకపోవడాన్ని ఒప్పుకోవచ్చు. నకిలీ విత్తనాన్ని ఒప్పుకోనక్కర్లేదు. పోయిన మనిషి రాడన్నది ఒప్పుకోక తప్పదు. అతను కౌలు రైతు కాబట్టి రైతే కాదన్న మాటను ఎందుకు ఒప్పుకోవాలి? మడికొండ కాళోజీ జీవితమంతా చేసింది ఈ తేడా పాటించడమే. జైలుకు పంపితే వెళ్లాడు, నగర బహిష్కరణ విధిస్తే భరించాడు, అన్యాయం మీద గొడవ మాత్రం ఆపలేదు. తన కవిత్వానికి ‘నా గొడవ’ అనే పేరు పెట్టుకున్నాడు. ఆ మనిషిని చూసినవాళ్లెవరూ ఆయనకు మనశ్శాంతి లేదనుకోరు. న్యాయం కోసం గొంతెత్తితే శాంతి చెదురుతుందని చెప్పే బోధ ఆయన ఊళ్లో చెల్లకూడదు.

కష్టం మీద పడి, ఇక దారి లేదనిపిస్తున్న రైతు ఎవరైనా ఇది చదువుతుంటే, లేదా అలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే, టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. పోలీసు కేసని భయపడి ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఆగొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడమంటుంది, అతనికి సంరక్షణ అందించే బాధ్యతను ప్రభుత్వం మీద పెడుతుంది.

ఇక కౌలు రైతు ఇంటి సంగతి. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా, 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతు ఏ కారణంతో చనిపోయినా కాగితాల కట్ట అడగకుండా 5 లక్షలు ఇచ్చే మంచి పథకం. దాని వల్ల ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. కానీ అది రూపొందింది భూమి పట్టా ఉన్నవాళ్ల కోసం. పత్తి చేలలో పెద్ద భాగం కౌలుకు నడిచే ఊళ్లలో, నష్టం వచ్చేది సాగు చేసేవాడికి, బీమా ఉండేది పట్టాదారుకు. 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వమంది. ఆ చట్టాన్ని అమలు చేసి, ఆ కార్డు ఉన్నవాళ్లను రైతు బీమాలో చేర్చాలి. ఈ వానాకాలం విత్తనాలు పడే లోపే గ్రామసభల్లో కౌలుదారుల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టవచ్చు.