నైలునదిపై దేవాలయయాత్ర

నదియొడ్డున దేవాలయము, దేవాలయము చెంత అంగడివీథి ఏర్పడుట మనకు క్రొత్త సంగతి కాదు. గోదావరిపై ధర్మపురియు, రాజమహేంద్రవరమును, కృష్ణపై అమరావతియు అట్లు పెరిగినవే. ఈజిప్టుదేశమున నైలునదీతీరమును అట్టిదే. అచ్చట లక్సరు పట్టణమునకును ఆస్వాను పట్టణమునకును నడుమ ఓడలో మూడు నాలుగు రాత్రులు గడపుచు, దారిలోని ప్రాచీనాలయములను, సంతయూళ్లను చూచుచు పోవు యాత్ర లోకప్రసిద్ధమైనది. అక్టోబరు మొదలు ఏప్రిలు వఱకు దీనికి అనుకూలమైన కాలము. పోదలచినవారికిని, ఇంటనుండియే లోకమును తెలిసికొనగోరువారికిని ఉపయోగపడునట్లు ఈ నెల ఆ యాత్రావిశేషములు తెలుపుచున్నాము.

నైలునది దక్షిణమునుండి ఉత్తరమునకు పారును. కావున లక్సరునుండి ఆస్వానుకు పోవుట యేటికి ఎదురు పోవుటయే. అయినను అచ్చట గాలి తఱచుగా ఉత్తరమునుండి వీచును. పూర్వులు తెరచాప యెత్తి యెగువకును, చాప దించి ప్రవాహముతో దిగువకును పోవుచుండిరి. 1873-74 సంవత్సరములలో అమీలియా ఎడ్వర్డ్సు అను ఆంగ్లేయ రచయిత్రి అట్టి తెరచాపనావలోనే ప్రయాణము చేసి, 1877లో ఆ యాత్రను గ్రంథముగా ప్రకటించెను. శిథిలాలయములు పాడగుచుండుట చూచి ఊరకుండలేక, 1882లో ఈజిప్టు పురావస్తుపరిశోధనకై ఒక సంఘము నెలకొల్పుటకు ముఖ్యకారకురాలయ్యెను. వినోదార్థము వెడలిన స్త్రీ యొక గొప్ప బాధ్యతను తలకెత్తుకొని తిరిగివచ్చుట మనము గమనింపదగిన విషయము.

లక్సరున తూర్పుగట్టున కార్నాకు, లక్సరు ఆలయములు కలవు. ఈ రెంటిని కలుపు సింహికామార్గము సుమారు 2.7 కిలోమీటర్ల పొడవు గలది; దానిని 2021లో మరల తెఱచిరి. పడమటిగట్టున కొండచఱియ క్రింద హాత్షెప్సూతు రాణి కట్టించిన ఆలయము కలదు. క్రీస్తునకు పూర్వము పదునైదవ శతాబ్దిలో ఈమె రాజుతో సమానముగా, రాజబిరుదముతోనే దేశము నేలినది. ఆ గోడలపై యుద్ధముల చిత్రములకన్న ఆమె పుంటు దేశమునకు పంపిన ఓడల చిత్రములే మనసును హరించును. సాంబ్రాణి చెట్లను వేళ్లతో పెకలించి, బుట్టలలో నుంచి, ఓడల కెక్కించుట అందు చూడనగును.

అటుపిమ్మట ఎస్నా. ఇచ్చట నదికి అడ్డముగా ఆనకట్ట కలదు. మన గోదావరి కాలువలపై పడవలను లాకులలో నుంచి నీటిమట్టము మార్చి దాటించినట్లే, ఇచ్చట ఓడలను దాటింతురు. ఓడ నిలిచినంతలో చిన్న పడవలలో వర్తకులు చుట్టుముట్టి, బట్టలను సంచులలో చుట్టి మేడమీది కప్పునకు విసరుదురు. నచ్చినచో బేరమాడి పైకము ఆ సంచిలోనే విసరవలెను. నచ్చనిచో బట్టను తిరిగి విసరవలెను. ఎస్నా ఆలయము ఊరి నడుమ వీథిమట్టమునకు సుమారు 9 మీటర్ల దిగువన నున్నది. గుడి క్రుంగినది కాదు; శతాబ్దులుగా ఊరే పెరుగుచు వచ్చినది. ఎద్ఫులోని హోరసు ఆలయమును అట్లే యిసుకలో పూడియుండగా దాని కప్పుపై జనులు ఇండ్లు కట్టుకొని కాపురములు చేసిరి. పందొమ్మిదవ శతాబ్దిలో ఆ యిండ్లను తొలగించి, యిసుక తీసి, ఆలయమును బయలుపఱచిరి.

కోమొంబోలో ఒకే కప్పు క్రింద ఇద్దఱు దేవతలకు రెండు గర్భగృహములు కలవు. ఒకరు మొసలిరూపుడగు సొబెకు, వేఱొకరు డేగరూపుడగు హోరసు. తుదకు ఆస్వాను చెంత ఫీలే ఆలయము. భర్తయగు ఒసిరిసు శరీరము ముక్కలై చెదరిపోగా వానిని వెదకి కూర్చి, తిరిగి ప్రాణము పోసిన ఐసిసుదేవి నెలవిది. సతీసావిత్రి కథ నెఱిగిన మనకు ఈ కథ పరాయిదిగా తోపదు.

అయితే ఈ ఫీలే ఆలయము తాను పుట్టిన ద్వీపముపై లేదు. 1902లో పూర్తియైన పాత ఆనకట్ట దానిని ఏటేట నెలలకొలది ముంచుచుండెను. 1960లో ఆరంభమై 1970లో ముగిసిన పెద్ద ఆనకట్టతో దాని స్థితి మఱింత విషమించెను. అంతట ప్రపంచదేశములు ధనసహాయము చేయగా, రాతికి రాయి లెక్కపెట్టి విడదీసి, దాపుననున్న ఎత్తైన దీవికి చేర్చి, 1980 నాటికి తిరిగి నిలిపిరి. అబూ సింబెలులోని రామెసేసు రాజు కొండగుళ్లను సైతము 1964 మొదలు 1968 వఱకు కోసి, సుమారు 65 మీటర్లు పైకి చేర్చిరి.

ఇది మెచ్చదగిన కార్యమే. ఆనకట్ట వలన విద్యుచ్ఛక్తియు, వఱదలనుండి రక్షణయు కలిగిన మాటయు నిజమే. కాని ఆ నీటి క్రింద నూబియావారి యూళ్లును మునిగినవి. 1963-64లో ఈజిప్టు నూబియానుండి సుమారు 50,000 మందిని కోమొంబో ప్రాంతమునకు తరలించిరి. తరతరములుగా ఏటియొడ్డున బ్రదికినవారికి ఏటికి దూరమున ఇండ్లిచ్చిరి. నూబియా స్త్రీలు తమ మట్టిగోడలకు రంగులు పూసి, బొమ్మలు వ్రాసి, పింగాణి పళ్లెములను అందు పొదిగి అలంకరించుకొనుచుండిరి. ఆ గోడల రాళ్లకు ఎవ్వరును అంకెలు వేయలేదు. ఖర్జూరపుచెట్లును, పెద్దల సమాధులును నీటిపాలైనవి.

మనకును ఈ కథ తెలిసినదే. నాగార్జునకొండ లోయలో 1954 మొదలు 1960 వఱకు తవ్వకములు జరిపి, బయల్పడిన కట్టడములు కొన్నిటిని నేడు దీవియైన కొండపై తిరిగి నిర్మించిరి. శ్రీశైలము జలాశయము నిండునప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును ఆలంపురమునకు చేర్చిరి. దేవుడు క్రొత్తచోట సుఖముగా నున్నాడు. ఆ లోయలలోని పల్లెల గృహిణులు విడిచివచ్చిన పొయ్యిగడ్డలను, తులసికోటలను తలచువారు అరుదు.

కావున సోదరీమణులారా, ఈ యాత్రకు పోవువారు స్తంభముల నెన్నుటతో తనివి చెందరాదు. ఆస్వాను అంగడిలో ఎఱ్ఱని కర్కదే రాసులుగా పోసి అమ్ముదురు. అది మన గోంగూర కుటుంబపు మొక్కయే. దానితో పానకమువంటి పుల్లని పానీయము చేయుదురు. ఏటికావలి నూబియా పల్లెలలో అతిథుల చేతులకు స్త్రీలు గోరింటాకు పెట్టుదురు. అప్పుడు బేరముతో పాటు వారి పాత యూరి పేరును అడుగుడు. దుబాసి తోడున్నచో వారి తల్లుల నాటి యింటిని గూర్చి యడుగుడు. రాళ్ల చరిత్ర పుస్తకములలో దొరకును. మునిగిన యింటి చరిత్ర ఆ యింటి ఆడపడుచు నోటనే వినవలెను. అట్లు విని వచ్చినవారు మన కృష్ణాతీరమున అట్టి ముసలమ్మ కనబడినప్పుడును ఒక్క గడియ నిలిచి యడుగుదురని మా నమ్మకము.