యాస కాదు, పాఠం సరిచూసుకోండి

విదేశాలకు వెళ్లి ఇంగ్లిష్ చెప్పాలనుకునే టీచర్లు సలహా కోసం ఈ మధ్య తరచుగా కలుస్తున్నారు. ఎక్కువమంది ఎమ్మే ఇంగ్లిష్, బీఈడీ చేసినవాళ్లు. ఏళ్ల తరబడి ప్రైవేటు స్కూళ్లలో గొంతు చించుకుని పాఠాలు చెప్పినా జీతం ఇరవై వేలు దాటనివాళ్లు. థాయ్‌లాండ్, వియత్నాం, సౌదీ, కొరియా అని ఎవరి ఆశ వాళ్లు చెబుతారు. మొదటి ప్రశ్న మాత్రం అందరిదీ ఒకటే: ‘సార్, యాక్సెంట్ మార్చుకోవాలా?’

అక్కర్లేదు. స్పష్టంగా మాట్లాడాలి, ఎదుటివారికి అర్థమయ్యేలా నిదానంగా పలకాలి. అంతవరకు సాధన చేయాల్సిందే. కానీ అమెరికన్‌లా వినిపించడం కోసం నెలల తరబడి వేలకు వేలు తగలేయడం దండగ. ఆ సమయాన్ని, డబ్బును పెట్టాల్సిన చోట్లు మూడున్నాయి. పాఠం చెప్పే నైపుణ్యం, కాగితాలు, వెళ్లే దేశపు భాష. ఈ మూడింటినీ వదిలేసి నాలుక తిప్పడం నేర్చుకుని విమానం ఎక్కినవాళ్లు అక్కడ ఇబ్బంది పడుతున్నారు. వాళ్లకంటే ఎక్కువ నష్టపోతున్నది వాళ్ల దగ్గర చదువుకునే పిల్లలు.

యాస భయం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియక కాదు. ఇంగ్లిష్ టీచర్ అంటే పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవారే అన్న నమ్మకం చాలా దేశాల వీసా నిబంధనల్లోనే ఉంది. కొరియాలో భాషా బోధకులకిచ్చే ఈ-2 వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టులున్నవారి కోసం పెట్టింది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంతో మనకూ ఒక దారి తెరుచుకుంది. ఇంగ్లిష్ డిగ్రీ, ఉపాధ్యాయ అర్హత ఉన్న భారతీయులు అక్కడి పాఠశాలల్లో సహాయక ఉపాధ్యాయులుగా చేరవచ్చు. ఈ సంగతి తెలిసిన టీచర్లు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. జపాన్‌లో బడుల్లో భాష బోధించే వీసా కావాలంటే ఆ భాష మాధ్యమంగా కనీసం 12 ఏళ్లు చదివి ఉండాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో పీజీ చేసి బంగారు పతకం తెచ్చుకున్న మనిషికైనా అక్కడ తలుపు మూసే ఉంటుంది.

ఈ నిబంధనలు అన్యాయమని నేను నమ్ముతాను. నేనొక్కణ్నే కాదు, ఈ రంగంలో పనిచేసే పండితులే ఆ మాట అన్నారు. మాతృభాషగా మాట్లాడేవాడే మంచి టీచరన్న నమ్మకం వట్టి భ్రమ అని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లోనే రాశారు. హంగరీకి చెందిన పీటర్ మెద్యెష్, భాషను కష్టపడి నేర్చుకున్న టీచరుకుండే బలాలేమిటో వివరిస్తూ ఏకంగా పుస్తకమే తెచ్చారు. ఇంగ్లిష్ బోధకుల అంతర్జాతీయ సంఘం టీసాల్ కూడా ఉద్యోగాల్లో ఈ వివక్ష తగదని 2006లో తీర్మాన రూపంలో ప్రకటించింది.

పుస్తకాలు పక్కన పెట్టి తరగతి గదిలోకి వెళ్దాం. మనం ‘బస్’ అనం, బస్సు అంటాం. ‘కప్’ అనం, కప్పు అంటాం. జపనీస్ పిల్లవాడూ అచ్చం ఇలాగే బసు, కప్పు అంటాడు. హల్లుతో ఆగిపోయే పదం చివర అచ్చు చేర్చకపోతే అతని నోరూ ఊరుకోదు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. జపనీస్‌లో, కొరియన్‌లో కూడా అంతే. ‘ఎ’, ‘ద’ అనే ఆర్టికల్స్ తెలుగులో లేవు. థాయ్‌లోనూ లేవు, కొరియన్‌లోనూ లేవు, జపనీస్‌లోనూ లేవు. ఏ నామవాచకానికి ముందు ‘ద’ పెట్టాలో, ఎక్కడ ఏదీ పెట్టకూడదో తెలియక ఏడో తరగతిలో మనం పడ్డ అవస్థే సియోల్‌లోనో, బ్యాంకాక్‌లోనో ఒక పిల్ల ఇవాళ పడుతోంది. లండన్‌లో పుట్టినవాడు ఆ తప్పును చూడగానే సరిదిద్దగలడు. అది తప్పని వాడి చెవికి తెలుస్తుంది. ఎందుకు తప్పని ఆ పిల్ల అడిగితే చెప్పడానికి మాత్రం వాడు ప్రత్యేకంగా చదువుకోవాలి. మనం ఆ తప్పులోంచే నడిచి వచ్చాం. ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో మనకు తెలుసు. తెలుగు మీడియం చదువును దాచుకోవాల్సిన మచ్చలా చూసే టీచర్లకు నేను చెప్పేది ఇదే. ఇంటర్వ్యూలో ఆ విషయం ధైర్యంగా చెప్పండి. మీరు ఆర్టికల్స్ ఎలా నేర్చుకున్నారో, మీ పిల్లలకు ఎలా నేర్పారో ఒక్క ఉదాహరణతో చూపించండి.

అయితే నేర్చుకున్న అనుభవం ఒక్కటే సరిపోదు. నేర్పడం వేరే విద్య. దాన్ని విడిగా సాధన చేయాలి. మన బీఈడీ చదువు సంగతి మనకు తెలియనిది కాదు. ఇంకొకరితో రాయించిన రికార్డులు, పేరుకు మాత్రం జరిగే టీచింగ్ ప్రాక్టీసు, కాలేజీ ముఖం చూడకుండానే చేతికొచ్చే పట్టాలు. ఆ లోటు తీర్చుకోవడానికి చాలామంది ఆన్‌లైన్‌లో విదేశీ భాషగా ఇంగ్లిష్ నేర్పడానికి 120 గంటల టీఈఎఫ్‌ఎల్ సర్టిఫికెట్ కొంటారు. వాటిలో చాలావాటికి ఒక్క విద్యార్థి ముందైనా నిలబడాల్సిన పని లేదు. కేంబ్రిడ్జ్ వారి సెల్టా కూడా 120 గంటల కోర్సే. కానీ అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. శిక్షకులు వెనక కూర్చుని చూస్తారు. ఎక్కడ మీరే మాట్లాడేసి పిల్లలకు నోరు విప్పే అవకాశం ఇవ్వలేదో నిర్మొహమాటంగా చెబుతారు. పైకి అంకె ఒకటే, లోపలి సరుకు వేరు. కోర్సులో చేరేముందు ఒకే ప్రశ్న అడగండి: ‘నేను చెప్పే పాఠాన్ని చూసి, తప్పులు చెప్పేదెవరు?’ జవాబు లేకపోతే డబ్బు కట్టకండి.

అందుకోసం ఎక్కడికో వెళ్లనవసరం కూడా లేదు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పేరుతో మొదలైన సంస్థ ఇవాళ ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ)గా హైదరాబాద్‌లోనే ఉంది. ఇంగ్లిష్ బోధన మీదే పీజీ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు నడిపిన సంస్థ అది. ఆసియా, ఆఫ్రికా దేశాల ఉద్యోగులు, ఉపాధ్యాయులు భారత ప్రభుత్వ ఖర్చుతో ఇక్కడికొచ్చి ఇంగ్లిష్ నేర్చుకుని వెళ్తుంటారు. కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాంలలో ఇంగ్లిష్ శిక్షణ కేంద్రాలు పెట్టడానికి మన దేశం ఈ సంస్థ సాయమే తీసుకుంది. ఇంకో మాట. టాస్క్ ఇచ్చి, దాన్ని పూర్తిచేసే క్రమంలో భాష వచ్చేలా చేసే పద్ధతిని ఇవాళ ప్రపంచమంతా ఇంగ్లిష్ టీచర్లకు నేర్పుతున్నారు. ఆ పద్ధతికి పునాది వేసిన తొలి ప్రయోగాల్లో ముఖ్యమైనది భాషా బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో చేసినది. దక్షిణ భారతపు బడి పిల్లల మధ్య పుట్టిన పాఠాన్ని చేతిలో పెట్టుకుని, ఈ పని మనవల్ల అవుతుందా అని మనమే సందేహపడటం బాధగా ఉంటుంది.

ఇక కాగితాలు. దీన్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లే చివరి నిమిషంలో ఏడుస్తారు. చాలామంది ఒరిజినల్ డిగ్రీ (ఓడీ) తీసుకోకుండా ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తోనే ఏళ్లు నెట్టుకొస్తారు. విదేశీ వర్క్ పర్మిట్‌కు అది చెల్లకపోవచ్చు. యూనివర్సిటీకి ఇవాళే దరఖాస్తు పెట్టండి. రెండో చిక్కు మన పేర్లది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. డిగ్రీలో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు మరో గడిలో ఉంటాయి. పెళ్లయిన ఆడవాళ్లకైతే కొన్ని కాగితాల్లో పుట్టింటి పేరు, కొన్నింట్లో అత్తింటి పేరు. ఈ పేర్లన్నీ ఒకే మనిషివని మనకు తెలుసు, పరాయి దేశపు గుమాస్తాకు తెలియదు. అన్నీ టేబుల్ మీద పరిచి అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి. తేడా ఉంటే ముందే సరిచేయించుకోండి.

తర్వాత అటెస్టేషన్. డిగ్రీ పట్టాకు మొదట రాష్ట్ర స్థాయిలో ముద్ర, ఆపైన విదేశాంగ శాఖది. ఒక దేశపు పత్రాలను ఒకే ముద్రతో మరో దేశం ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో 2005 నుంచి మన దేశం ఉంది. కాబట్టి జపాన్, కొరియా లాంటి సభ్యదేశాలకు ఆ ముద్ర సరిపోతుంది. ఒప్పందంలో లేని దేశమైతే ఆ దేశ రాయబార కార్యాలయం దాకా వెళ్లాలి. పాస్‌పోర్టు సేవా కేంద్రం నుంచి పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా తీసుకోవాలి. పిల్లల మధ్యకు వెళ్లే మనిషి గురించి వాళ్లు ఇంత అడగడం న్యాయమే.

ఏజెంట్ల దగ్గర మాత్రం కఠినంగా ఉండండి. ‘ముందు టూరిస్టు వీసా మీద వెళ్లిపోండి, అక్కడ మార్చేస్తాం’ అన్నాడంటే ఆ మాటతోనే లేచి వచ్చేయండి. థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని నమ్మి వెళ్లి, సరిహద్దు దాటించాక మయన్మార్‌లోని సైబర్ మోసాల స్థావరాల్లో చిక్కుకున్న వందలమంది భారతీయులను 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. లైసెన్సున్నవాడు కూడా సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని నిబంధన. ఒప్పంద పత్రంలో వారానికి ఎన్ని గంటల పాఠం, వర్క్ పర్మిట్ ఖర్చు ఎవరిది, ఇల్లు ఎవరిది, సెలవుల్లో జీతం ఉందా అన్నవి రాసి ఉండాలి. ఆ బడిలో ఇప్పటికే పనిచేస్తున్న టీచరుతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించమని అడగండి. దానికి ఒప్పుకోని చోట ఏదో దాపరికం ఉన్నట్టే అనుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని మనవాళ్లు అసలు పట్టించుకోరు. అది వెళ్లే దేశపు భాష. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జపాన్‌కు, జర్మనీకి నర్సులను పంపేటప్పుడు ముందుగా ఆ భాష నేర్పిస్తుంది. రోగితో మాట్లాడలేని నర్సును ఏ ఆసుపత్రీ తీసుకోదు. పిల్లలతో రోజంతా మాట్లాడాల్సిన టీచరు మాత్రం వాళ్ల భాషలో నమస్కారం కూడా తెలియకుండా వెళ్తున్నాడు. థాయ్ అక్షరాలు చూసి బెదరకండి. వాటి వరస మన కవర్గం, చవర్గం లాగే నడుస్తుంది. గుణింతపు గుర్తులు హల్లు చుట్టూ చేరతాయి. కొరియన్ లిపిలో మూల అక్షరాలు 24. పట్టుబట్టి కూర్చుంటే నెల తిరక్కుండా కూడబలుక్కుని చదవొచ్చు. అలా చదివే కష్టంలోనే మీ విద్యార్థి ఇంగ్లిష్‌తో పడే కష్టం మీకు మళ్లీ అనుభవంలోకి వస్తుంది.

ఈ విషయంలో మనకు గురువు మన తెలుగువాడే. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే విద్యార్థి అయ్యాడు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. ఆ తర్వాత సవరలో వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు నడిపాడు. ఎదుటివాడి భాషను గౌరవించకుండా వాడికి ఏ భాషా నేర్పలేమని ఆయన జీవితమే చెబుతుంది. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు తలుచుకుని తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆయన దారిలో నాలుగడుగులు వేసే అవకాశం ఈ టీచర్లకు వచ్చింది.

ప్రభుత్వాలు చేయాల్సిన పనీ ఉంది. నర్సులకు, వృత్తి పనివారికి దారి చూపే సంస్థలు ఇంగ్లిష్ టీచర్లను కూడా తమ జాబితాలో చేర్చుకోవాలి. ఇఫ్లూ లాంటి సంస్థతో కలిసి, పాఠం చెప్పించి చూసి సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ మొదలుపెట్టాలి. ఇతర దేశాలతో వాణిజ్య ఒప్పందాలు రాసుకునేటప్పుడు కొరియా ఒప్పందంలో లాగా టీచర్ల మాట కేంద్రం గట్టిగా ఎత్తాలి. పాస్‌పోర్టు రంగు చూడకుండా పాఠం చూసి తీసుకోండని అడిగే హక్కు మనకుంది.

ఆ హక్కుకు బలం వచ్చేది మాత్రం మన టీచర్ల పనివల్లే. ఒక తెలుగు టీచరు హనోయ్‌లోనో, రియాద్‌లోనో బాగా పాఠం చెబితే తర్వాతి ఏడు ఆ బడి మరో తెలుగు టీచరును అడుగుతుంది. నకిలీ యాసతో, కొన్న సర్టిఫికెట్‌తో వెళ్లి చేతులెత్తేస్తే వెనక వచ్చేవాళ్లందరికీ ఆ తలుపు మూసుకుపోతుంది. వెళ్లదలచుకున్నవాళ్లు ఇంకో ఏడాది ఆగినా ఫర్వాలేదు, సిద్ధపడి వెళ్లండి. అక్కడ మీ ముందు కూర్చునే పిల్లల తల్లిదండ్రులు కూడా మనలాగే, ఇంగ్లిష్ వస్తే బిడ్డ బతుకు బాగుపడుతుందని చెమటోడ్చి ఫీజు కట్టినవాళ్లే. వాళ్ల నమ్మకానికి తగిన పాఠం చెప్పగలనన్న ధైర్యం వచ్చిన రోజు టికెట్ కొనుక్కోండి.