ఇందులో ఏమేసినవక్కా?

ఆదివారం పూట ధర్మసాగర్ చెరువుకట్ట మీదికి హన్మకొండ, కాజీపేటల నుంచి కుటుంబాలు వస్తాయి. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు చేరే చెరువు ఇది. నిండుగా ఉన్న రోజుల్లో గాలి చల్లగా తగులుతుంది, పిల్లలకు ఆకలి తొందరగా వేస్తుంది. దుప్పటి పరిచి డబ్బాలు విప్పుతారు. పులిహోర, సకినాలు, సర్వపిండి, పూరీలు, ఆలుగడ్డ కూర. పరిచయం లేకపోయినా పక్క దుప్పటి మీది పెద్దమ్మ రెండు సకినాలు తెచ్చి పిల్లాడి చేతిలో పెడుతుంది. ప్రేమగా చాచిన ఆ చేతిని వద్దనడానికి మనకు నోరు రాదు.

పల్లీలు పడని పిల్లాడి తల్లికి మాత్రం వద్దనక తప్పదు. పులిహోరలో పల్లీలు, సర్వపిండిలో పల్లీలు, ఇడ్లీ చట్నీలో పల్లీలు, గుత్తివంకాయ గుజ్జులో వాటి పొడి. నువ్వులు పడకపోతే సకినం కూడా పోయినట్టే. కొందరికి దద్దుర్లతో సరిపోతుంది. కొందరికి నిమిషాల్లో పెదవులు వాచి, గొంతు బిగుసుకుని, ఊపిరి అందదు. అప్పుడు ముందు పడాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. 108కి ఫోన్ చేసి, వరంగల్ ఎంజీఎం దాకా వెళ్లే ఆ దారి ఎంత పొడుగ్గా అనిపిస్తుందో ఆ తల్లికే తెలుసు. ‘ఒక్కటి తింటే ఏం కాదమ్మా’ అన్న మాట ఆమెను అందుకే అంత భయపెడుతుంది.

సీలియాక్ జబ్బు ఇంకో రకం. ఇది అలర్జీ కిందికి రాదు. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ లోపలికి వెళ్తే ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. విరేచనాలు, కడుపుబ్బరం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, ఎన్ని ఐరన్ మాత్రలు వేసినా తగ్గని రక్తహీనత దీని గుర్తులు. నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విలెం డికె చాలాకాలంగా గోధుమనే అనుమానించాడు. 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరకనప్పుడు అక్కడి జబ్బు పిల్లలు తేరుకున్నారు, రొట్టె తిరిగి రాగానే మళ్లీ పడకేశారు. అతని అనుమానానికి అది బలమిచ్చింది. మందు ఇప్పటికీ అదే, జీవితాంతం గ్లూటెన్ ఉన్న తిండి మానేయడం. ఉత్తరాదితో పోలిస్తే అన్నం తినే మన దక్షిణాదిలో ఈ జబ్బు బాగా తక్కువ. తక్కువ కాబట్టే తొందరగా ఎవరికీ తట్టదు. షుగర్ భయంతో రాత్రిపూట చపాతీకి మారిన ఇళ్లు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి కనుక, తట్టాల్సిన అవసరం పెరిగింది. అనుమానం ఉంటే రక్తపరీక్ష, ఎండోస్కోపీ అయ్యేదాకా గోధుమ మానకూడదు. ముందే మానేస్తే జబ్బు పరీక్షలో దొరక్కపోవచ్చు.

అన్నం ఉంది కదా, ఇబ్బందేముంది అనిపిస్తుంది. పోపు దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. బజారులో దొరికే ఇంగువ డబ్బా తిప్పి చూడండి, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలిసి ఉంటుంది. అది వేసిన పప్పుచారు ఇక తినరాదు. జొన్నరొట్టె మంచిదే, కానీ గిర్నీలో అంతకుముందు గోధుమలు పట్టి ఉంటే ఆ పిండి ఇందులోకి వస్తుంది. మిర్చిబజ్జీ శనగపిండిదే, నూనె మాత్రం పూరీలు వేయించినది. గ్లూటెన్ లేదని ప్యాకెట్ మీద రాయాలంటే కిలో తిండిలో అది 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎంత చిన్న తప్పు సరిపోతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

వేసవి సెలవుల్లో ఇవే కుటుంబాలు రామోజీ ఫిలింసిటీకో, వండర్‌లాకో బయల్దేరతాయి. ఇలాంటి వినోద కేంద్రాల్లో చాలాచోట్ల బయటి తిండిని గేటు దగ్గరే ఆపుతారు. చెత్త పేరుకుంటుందన్నది నిజమే, లోపలి హోటళ్ల వ్యాపారమూ నిజమే. అయినా డాక్టరు చీటీ ఉన్న పిల్లాడి టిఫిన్ డబ్బాను లోపలికి పంపడం ఏ పార్కుకూ భారం కాదని మా నమ్మకం. అమెరికాలో మనవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లే ఆర్లాండో డిస్నీ పార్కుల్లో పడని పదార్థాల్ని బట్టి వేరే మెనూ ఇస్తారు. ఐరోపా సమాజ దేశాల్లో 2014 డిసెంబరు 13 నుంచి 14 రకాల అలర్జీ పదార్థాల గురించి హోటళ్లు సైతం చెప్పి తీరాలి. మన దేశంలోనూ నిబంధన వచ్చింది, కానీ పది, అంతకుమించి శాఖలున్న పెద్ద హోటళ్ల వంటివాటికే. చెరువుకట్ట దగ్గరి బజ్జీల బండికి అది వర్తించదు.

ఆ బండి మీద మాకు ఆశ ఉంది. పెద్ద హోటల్లో వడ్డించే అబ్బాయికి మసాలాలో ఏముందో తెలియదు, ఎక్కడో కలిపి పంపిస్తారు. బండి దగ్గరి అక్క పిండి తానే కలిపింది, నూనె తానే పోసింది. ‘ఇందులో ఏమేసినవక్కా?’ అంటే ఒక్కొక్కటీ చెప్పగలదు. ఆ ప్రశ్నలో వంకలు పెట్టడం లేదని ఆమెకు తెలిస్తే చాలు. నూనె కొత్తదా పాతదా అన్నదీ దాచకుండా చెబుతుంది.

సద్దుల బతుకమ్మ నాడు చెరువున్న ఊళ్లన్నిట్లో చీకటి పడ్డాక ఆడవాళ్లు సత్తుపిండి పంచుకుంటారు. నువ్వులది, పల్లీలది, పెసలది, బెల్లం కలిపినది. అరచేతిలో పెడితే కాదనే ఆనవాయితీ లేదు. ఆ గుంపులో దోసిలి పట్టక వెనక్కి జరిగే పిల్ల ఒకతి ఉండొచ్చు. పెట్టే ముందు ఆ పిల్ల తల్లి వైపు తిరిగి, ‘బిడ్డకు పల్లీలు పడ్తయా అమ్మా?’ అని అడిగే పెద్దమ్మ ఈ ఏడు ఒక్కరు ఎదురైనా, ఆ పిల్ల వచ్చే ఏడు ముందు వరసలో నిలబడుతుంది.