పడవెక్కే ముందు పక్కవాళ్ళని చూడండి

అద్దెకి ఇల్లు చూడ్డానికి వెళితే మనం ముందు అడిగేది గదులెన్నని కాదు, పక్క వాటాలో ఎవరుంటారని. పిల్లకి సంబంధం వస్తే అబ్బాయి జీతం కంటే ముందు అత్తగారి నోరెలాంటిదో కనుక్కుంటాం. ఇంత తెలివైన వాళ్ళం, గోదావరి మీద పాపికొండల షికారుకి బయల్దేరేటప్పుడు మాత్రం రెండే ప్రశ్నలు వేస్తాం. "టిక్కెట్టు ఎంత? భోజనంలోకి ఏం పెడతారు?" రోజంతా మోకాలికి మోకాలు తగిలేలా మన ఎదురుగా కూర్చోబోయే మనుషులెవరని ఒక్కరం అడగం. అడిగితే, "ఒక్క పూట భాగ్యానికి ఇంత విచారణా!" అని మన ఇంట్లోవాళ్ళే నవ్వుతారు.

విచారించాలనే అంటాను నేను. ఇల్లు నచ్చకపోతే ఖాళీ చెయ్యొచ్చు. బస్సులో పక్కమనిషి నచ్చకపోతే వెనక సీటులోకి మారొచ్చు. నది నడిమధ్య పడవ దిగి ఎక్కడికి పోతారు?

భద్రాచలంలో ఇల్లున్నవాళ్ళకి ఈ సంగతి బాగా అనుభవం. రాములవారి దర్శనం కాగానే చుట్టాలు కోరే రెండో దర్శనం పాపికొండలే. ఇక్కణ్ణించి కూనవరం మీదుగా పోచవరం వెళ్ళి పడవెక్కాలి. దారిలో కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. పోచవరంలో ఎక్కిన పడవ కొండల నడుమ సాగి పేరంటాలపల్లి శివాలయం దాకా వెళ్ళి తిరిగొస్తుంది. 2014లో మండలాలు పంచుకున్నాక గుడి తెలంగాణలో, పడవరేవు ఆంధ్రలో మిగిలాయి. ఆ పంపకం సంగతి గోదావరికి మాత్రం తెలియదు.

1965లో ఇక్కడ వంతెన వచ్చేదాకా అవతలి ఒడ్డువాళ్ళు రాములవారి దగ్గరికి రావాలంటే ఏరు దాటే రావాలి. రాజమండ్రి నుంచి లాంచీల్లో వచ్చేవాళ్ళు. పక్కన ఎవరు కూర్చున్నా, మేకపిల్ల కూర్చున్నా, కిక్కురుమనకుండా సర్దుకునేవాళ్ళు. అది అవసరం. అవసరానికి ఎక్కిన పడవలో సర్దుకోవడం మంచితనం. సరదాకి ఎక్కిన పడవలో కూడా సర్దుకోమంటే, అది సరదా ఎలా అవుతుందండీ?

ఈ విషయంలో సినిమాలు మనని కాస్త మోసం చేశాయి. 1973లో వచ్చిన 'అందాల రాముడు' చూశాం, 2006లో వచ్చిన 'గోదావరి' చూశాం. రెండింట్లోనూ రకరకాల మనుషులు పడవెక్కి భద్రాచలం వస్తారు. వాళ్ళ కయ్యాలూ ముచ్చటే, అలకలూ ముచ్చటే. ఎందుకు ముచ్చట కాదూ? అందాల రాముడి పడవలో వాళ్ళకి మాటలు రాసిపెట్టినవారు ముళ్ళపూడి వెంకటరమణగారు! మన పక్కన కూర్చుని మూడు గంటలసేపు తన స్థలాల ధరలు చెప్పే పెద్దమనిషికి ఆ అదృష్టం లేదు. విసుగు పుడితే హాల్లోంచి లేచి బయటికి వచ్చినట్టు రావడానికి మనకీ దారి లేదు.

సరే, కబుర్లు ఎలాగో భరించవచ్చు. అసలు కష్టం పనిలో ఉంది. "నాలుగు కుటుంబాలం కలిసి వెళదాం" అని మగవాళ్ళు అనుకున్నారంటే, డబ్బు వాళ్ళు పంచుకుంటారు, చాకిరీ మనం పంచుకుంటామన్నమాట. పడవలో భోజనం ఉందన్నా సరే, "మావాళ్ళకి అది సరిపడదు" అంటూ తెల్లవారుజామున లేచి పులిహోర కలిపేది మనమే. పడవ కదలగానే పైన పేక పరుస్తారు. కింద మనం ఒకరి బిడ్డకి మరుగుదొడ్డి, ఒకరి అత్తగారికి మాత్ర, ఒకరి మరిదికి మంచినీళ్ళు అందిస్తూ ఉంటాం. కొండలు రానూ వస్తాయి, పోనూ పోతాయి. "పాపికొండలు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగితే, "బాబు చొక్కా పట్టుకుని కూర్చున్నానండీ, సరిగ్గా చూళ్ళేదు" అన్న ఇల్లాలిని నాకు తెలుసు. ఆవిడ టిక్కెట్టుకీ పూర్తి డబ్బే తీసుకున్నారు.

ఇక చప్పుడు. ఒకసారి మా పడవలో ఒక పక్క కాలేజీ కుర్రాళ్ళ గుంపు, ఇంకో పక్క మనవరాలి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ముసలి దంపతులు. కుర్రాళ్ళకి పాటలు కావాలి, ఎగరాలి. పెద్దవాళ్ళకి నీళ్ళ చప్పుడు వింటూ కూర్చోవాలని ఉంది. పడవవాడు ఒకసారి పాట పెంచాడు, ఒకసారి తగ్గించాడు, చివరికి రెండు పక్షాలూ అతన్నే తిట్టాయి. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. పాలూ మంచివే, నిమ్మకాయా మంచిదే. రెండూ ఒక గిన్నెలో పోస్తేనే వచ్చింది తంటా.

ఇక్కడ నన్నొకరు ఆపుతారని తెలుసు. "అంటే మన కులంవాళ్ళనీ, మన తాహతువాళ్ళనీ ఏరుకోమంటారా? ఇదొక టెక్కు కాదూ?" అని. కాదండీ, సరిగ్గా అది వద్దనే చెబుతున్నాను. ఇన్నాళ్ళూ మనం ఎంచుకున్నది అలాగే. చుట్టరికం చూశాం, ఆఫీసు చూశాం, ఒకే వీధి అని చూశాం. చూడనిదల్లా స్వభావం. వనవాసానికి బయల్దేరిన రాముడికి గంగ దాటడానికి పడవ తెప్పించినవాడు గుహుడు. చుట్టమా? కులమా? కాదు. మనసు తెలిసిన స్నేహితుడు. రాములవారి ఊళ్ళో ఉండి ఆ మాత్రం నేర్చుకోకపోతే ఎలా?

స్వభావమంటే ఏమిటని అడిగితే, నా లెక్కలో అది ఒక్క మాటలో తేలిపోతుంది: మొహమాటం. ఎవరితో ఉంటే మనకి మొహమాటం ఉండదో, వాళ్ళే పడవకి సరిపడే తోడు. "వదినగారూ, ఒక గంట మీ వారిని పిల్లల్ని చూడమనండి, మనం పైకెళ్ళి కొండలు చూద్దాం" అనగలగాలి. "ఆ పాట కాస్త తగ్గించండి" అనగలగాలి. ఆడవాళ్ళకి ఒడ్డున ఎక్కడైనా ఆపమని అడగడానికి సిగ్గుపడి, పొద్దుట్నించీ మంచినీళ్ళు మానేసి కూర్చునే మనుషులం మనం. ఆ సంగతి అడక్కుండానే అర్థం చేసుకునే ఒక్క మనిషి ఉన్న పడవ, పంచభక్ష్య పరమాన్నాలు పెట్టే పడవ కన్నా గొప్పది.

ఇంతవరకూ చెప్పింది సుఖం సంగతి. ఇక ప్రాణం సంగతి.

2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీదున్న రోజుల్లో, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళుతున్న బోటు మునిగిపోయింది. ఎక్కింది 77 మంది. బయటపడింది 26 మంది. పరుగున వచ్చి వాళ్ళని ఒడ్డుకి చేర్చింది ఆ దాపుల గిరిజనులే. మునిగిన బోటుని పైకి తియ్యడానికే నెల దాటింది. అంతకు ముందు, 2017 నవంబరు 12న, కృష్ణలో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామంది ఒంగోలు నుంచి కలిసి వచ్చినవాళ్ళు, రోజూ పొద్దున్నే కలిసి నడిచే స్నేహితులు.

ఆ పాపం ప్రయాణికులది కాదు. పడవ వదిలినవాళ్ళది, ఆపవలసి ఉండీ ఆపనివాళ్ళది. వాళ్ళ బాధ్యతని మన నెత్తిన వేసుకోమని నేను చెప్పను. కచ్చులూరు తరవాత బోట్లు ఆపి, నిబంధనలు బిగించి, రేవుల దగ్గర కంట్రోలు రూములు పెట్టి మళ్ళీ వదిలారు. మంచిదే. కాని రేవులో నిలబడ్డప్పుడు మన పక్కన ఉండేది ప్రభుత్వం కాదు, మన తోటివాళ్ళు. పదిమందీ ఎక్కుతుంటే "జనం ఎక్కువయ్యారు, నేనెక్కను" అనడానికి మన నోరు పెగలదు. "అపశకునం మాటలు" అంటారేమోనని, "నీవల్ల అందరి సరదా చెడింది" అంటారేమోనని భయం. లైఫ్ జాకెట్టు తొడుక్కుంటే పట్టుచీర నలుగుతుందనీ, ఫోటో బాగుండదనీ విప్పి పక్కన పెడతాం. అక్కడ ఒక్క స్నేహితురాలు, "ముందు అది కట్టుకో, చీర ఇంటికెళ్ళి ఇస్త్రీ చేసుకోవచ్చు" అని గద్దించాలి. వెనక్కి తిరుగుదామంటే తిట్టకుండా తిరిగే మనుషులు కావాలి. సరిపడే తోడంటే నవ్వించేవాళ్ళు మాత్రమే కాదు, మనం "వద్దు" అంటే వినేవాళ్ళు.

అందుకని ఈసారి ప్రయాణం అనుకున్నప్పుడు, డబ్బు కట్టకముందే ఆ నాలుగు కుటుంబాల ఆడవాళ్ళూ ఒక సాయంత్రం కూర్చోండి. టీ తాగుతూనే తేల్చుకోండి. పిల్లల్ని ఏ గంట ఎవరు చూస్తారు? వంట చేసుకుపోతామా, పడవలో పెట్టింది తింటామా? పాటలా, నిశ్శబ్దమా? సీసాలు తెచ్చే మహానుభావులెవరైనా ఉన్నారా? పడవ కదిలింది మొదలు ఆగేదాకా జాకెట్టు ఎవరూ విప్పకూడదని అందరూ ఒప్పుకుంటారా? నది పొంగి ఉంటే డబ్బు పోయినా సరే వెనక్కి వచ్చేద్దామా? నలుగురూ కలిస్తే చిన్న బోటు మొత్తం మాట్లాడుకోవచ్చేమో కూడా అడగండి. చిన్న పడవలో మాట అందరికీ వినిపిస్తుంది.

ఇంకొక్క పరీక్ష ఉంది. పేరంటాలపల్లిలో కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన పూలబుట్టలూ, బొమ్మలూ అమ్ముతారు. అలాంటివాళ్ళ దగ్గర పది రూపాయలకి గీచి గీచి బేరమాడే మనిషీ, పడవ నడిపేవాణ్ణి "ఒరేయ్" అని పిలిచే మనిషీ మీ గుంపులో ఉంటే ముందే తెలుసుకోండి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనేవాళ్ళు వాళ్ళే. వాళ్ళు రేపు మీ మాటా వినరు.

ఈసారి ఎవరైనా ఫోను చేసి, "పాపికొండలకి వస్తారా?" అంటే, టిక్కెట్టు ధర తరవాత అడగండి. ముందు, "పడవలో ఎవరెవరు?" అనండి. నవ్వితే నవ్వనివ్వండి. ఆ నవ్వినవాళ్ళతో మాత్రం పడవెక్కకండి.