మా ఆడబిడ్డ కోర్టు మెట్లెక్కితే

నిఖానామా ఉర్దూలో. ఫిర్యాదు తెలుగులో. తీర్పు ఇంగ్లీషులో. మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ముస్లిం ఆడబిడ్డ న్యాయం కోసం గడప దాటితే ఎదురయ్యే మొదటి గోడలివి. ఒంటిమీది వాతలకు మాత్రం ఏ లిపీ లేదు.

విశాఖపట్నంలో ఈ గోడలు ఇంకా ఎత్తు. పోర్టు ఊరు, ఉక్కు ఊరు. పాత పట్నంలో దర్గా కొండ నీడన తరాలుగా ఉన్నవాళ్లకు కనీసం చుట్టాలున్నారు. గాజువాక, కూర్మన్నపాలెం వైపు పని వెతుక్కుంటూ వచ్చిన ఇళ్లలో పిల్లకు పుట్టిల్లు ఒక రాత్రి ప్రయాణం. అర్ధరాత్రి తలుపు తట్టడానికి ఎవరున్నారు?

పెద్దలున్నారు. "సబర్ కరో బేటీ" అంటారు. కొట్టేవాడికి ఆ మాట ఎందుకు చెప్పరు? పంచాయితీలో కూచునేది మగాళ్లు, సంతకాలు పెట్టేది మగాళ్లు. మెహర్ మాటెత్తగానే అందరికీ దగ్గొస్తుంది. ఖులా అడిగితే మొగుడు ఒప్పుకోవాలంటారు. అక్కర్లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఖులా భార్య హక్కు, ముఫ్తీ ఇచ్చే కాగితం సలహా మాత్రమేనంది. అసలు 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలోనే భర్త క్రూరత్వం విడాకులకు కారణమని ఉంది. అది దొరలు మా నెత్తిన రుద్దింది కాదు, ఉలేమాల చొరవతో మొదలైంది. కోర్టుకెళ్లడం దీన్‌కి ద్రోహమనే పెద్దమనుషులు ఆ సంగతి ఎందుకు దాస్తారు?

ఇక సర్కారు సంగతి. 1985లో షాబానోకు భరణం ఇమ్మంటూ తీర్పొస్తే, 1986లో చట్టం చేసి దాన్ని నీరుగార్చింది ఒక ప్రభుత్వం. 2019లో మూడు తలాక్ అన్నవాడికి మూడేళ్ల దాకా జైలన్నది ఇంకో ప్రభుత్వం. సుప్రీంకోర్టు 2017లోనే ఆ మాట చెల్లదంది కదా! చెల్లని మాటకు జైలేమిటి? మిగతా మతాల మగాడు పెళ్లాన్ని వదిలేసి పోతే, ఆ వదిలేయడం ఒక్కటే నేరం కాదే! అదే చట్టం భార్యకూ పిల్లలకూ జీవనభృతి ఇమ్మంటుంది. జైల్లో ఉన్న రోజుకూలీ ఏ కూలి చేసి ఇస్తాడు? మా ఆడవాళ్ల కన్నీళ్లు వాళ్లకు జెండాగుడ్డ మాత్రమే. సెక్యులర్ మిత్రులారా, మీరూ తలాక్ దగ్గరే ఆగిపోతారు. తలాక్ ఇవ్వకుండా రోజూ తన్నేవాడి సంగతేమిటి?

వాడికి చట్టం ఉంది. 2005 గృహహింస చట్టం, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అది మతం అడగదు. కాపురమున్న ఇల్లు మొగుడి పేరున ఉన్నా, అద్దెదైనా, ఆమెను అందులోంచి గెంటకూడదంటుంది. రక్షణ ఉత్తర్వు ధిక్కరిస్తే ఏడాది దాకా జైలు. ఉక్కు నగరానికి అక్కరకొచ్చే మాట ఇంకోటుంది: భరణం సొమ్ము జీతంలోంచే నేరుగా ఆమెకు కట్టమని యజమానిని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. పర్మనెంటు ఉద్యోగి దొరుకుతాడు. కాంట్రాక్టు కార్మికుడు, లారీ క్లీనరు, మెకానిక్కు - వీళ్లు చెప్పిందే లెక్క. అందుకే ఆస్తులు, ఆదాయాల మీద ఇద్దరూ అఫిడవిట్ వెయ్యాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి తెలిసి అడిగే వకీలు కావాలి, అంతే.

2024 జులై 10 తీర్పు మన తెలుగు నేల నుంచి పోయిన కేసులోదే. ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలు మధ్యంతర భరణమంది, హైకోర్టు 10 వేలు చేసింది, ఆ పదివేల మీదే తగాదా ఢిల్లీ దాకా పోయింది. 1986 చట్టమున్నా, తలాక్ పొందిన ముస్లిం స్త్రీ అందరు స్త్రీలలాగే భరణం అడగొచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. షాబానో తర్వాత ముప్పై తొమ్మిదేళ్లు!

తీర్పు అక్కడుంది, ఆమె ఇక్కడుంది. మధ్యలో స్టేషను. "మీ మతం గొడవ, మీ ఖాజీ దగ్గర తేల్చుకోండి" అనే పోలీసుకు, కట్టుకున్నదాన్ని హింసించడం మతం గొడవ కాదనీ, నాటి 498ఎ నేడు భారతీయ న్యాయసంహిత 85గా ఉందనీ చెప్పే మనిషి పక్కనుండాలి. ఆసుపత్రిలో "జారిపడ్డాను" అనకుండా ఉన్నది చెప్పించి, గాయాల కాగితం రాయించాలి. వకీలు ఫీజుకు గాజులమ్మనక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరుకుతాడు. మాకు రెండు భాషలొచ్చు. నిఖానామా తెలుగు చేసిపెట్టడం, వాయిదా నాడు ఆటోలో పక్కన కూచోవడం మాకు చేతనయిన పని. అది సాహిత్యం కాదనేవాళ్లతో మాకు పేచీ లేదు.

మసీదు కమిటీ పెద్దలారా, జుమా తర్వాత చందాల లెక్క చదివే మైకులోనే రెండు నంబర్లు చదవండి. ఉచిత వకీలుకు 15100. ఆపదలో ఉన్న ఆడవాళ్లకు 181. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. కాగితం మేం రాసిస్తాం.